కార్టిసాల్ పరీక్షా, ఎంపిక పరీక్షా: జంతువు బాగోగులు తేల్చడానికి ఏది మేలు?

జంతు సంక్షేమం మీద పరిశోధనకు దిగే విద్యార్థులు ఏటా నన్ను అడిగే ప్రశ్న ఇదే. జంతువు బాగుందో లేదో తేల్చడానికి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను కొలవాలా, రెండు దారులు చూపించి ఏది కావాలో దాన్నే ఎంచుకోనివ్వాలా? రెండూ చేసే డబ్బు, సమయం చాలామందికి ఉండవు. నేను ఎంపిక వైపే మొగ్గుతాను.

కార్టిసాల్‌కున్న బలం చిన్నది కాదు. చేతికి ఒక అంకె వస్తుంది, చూసేవారి మనసును బట్టి అది మారదు. రక్తం తీయడానికి పట్టుకుంటే ఆ భయానికే హార్మోను పెరిగిపోతుంది కాబట్టి లాలాజలం, పేడ, వెంట్రుకల నుంచి కూడా కొలుస్తున్నారు. ఆ చిక్కు తీరినా అసలు చిక్కు మిగిలే ఉంటుంది. భయపడితే పెరిగే కార్టిసాల్ పరుగెత్తినా పెరుగుతుంది, జతకట్టినా పెరుగుతుంది. శరీరం ఉద్రేకపడిందని చెబుతుంది గానీ, అది బాధో ఉత్సాహమో చెప్పదు.

నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యం, ఆ బతుకు ఆ జంతువుకు సమ్మతమేనా అన్నది. పెంపకపు జంతువుల బాగోగులు చూడమని బ్రిటన్ ప్రభుత్వం వేసిన బ్రాంబెల్ కమిటీ 1965లో, పంజరాల్లోని కోళ్ల కాళ్ల కింద సన్నని తీగవల వద్దని, మందపాటి లోహపు వల మేలని చెప్పింది. చెప్పినవారు కోళ్ల మంచి కోరినవారే. 1973లో హ్యూస్, బ్లాక్ అనే పరిశోధకులు రెండు రకాలూ కోళ్ల ముందే పెట్టారు. కోళ్లు సన్నని వలనే ఎంచుకున్నాయి. దయగల మనిషి ఊహ కూడా ఇలా తప్పవచ్చు. అందుకే అడగకుండా తేల్చడం నాకు నచ్చదు.

ఎంపికలోనూ లోపాలున్నాయి. పెట్టిన రెండూ చెడ్డవే అయితే తక్కువ చెడ్డదాన్ని ఎంచుకుంటుంది. ఒకటి కాస్త ఇష్టమా, అది లేకపోతే బతుకే వెలితా అన్న తేడా తెలియదు. దీనికి విరుగుడు, కోరుకున్నదానికి జంతువును కష్టపడనివ్వడం. తలుపుకు బరువు కట్టి, రోజురోజుకూ పెంచుతారు. ఇసుక ఉన్న అరలోకి వెళ్లాలని ఒక కోడి అలాంటి తలుపును రొమ్ముతో నెట్టడం చూశాను. జారింది, రెండడుగులు వెనక్కి వేసింది, మెడ ముడుచుకుని మళ్లీ నెట్టింది. కాసేపటికి ఈకల నిండా ఇసుకతో, కళ్లు సగం మూసుకుని పక్కకు ఒరిగి పడుకుంది. ఆ తర్వాత నాకు ఇసుక కోడికి విలాసం అనిపించలేదు.

బొచ్చు కోసం పెంచే, ముంగిసను పోలిన మింకు అనే చిన్న జంతువుల మీద ఆక్స్‌ఫర్డ్‌లో జరిగి 2001లో వెలువడిన పరిశోధనను విద్యార్థులందరికీ చెబుతాను. బరువు తలుపుల వెనక ఉంచిన వాటిలో మింకులు ఎక్కువగా కష్టపడింది ఈదే నీటి తొట్టి కోసం. ఆ తొట్టిని మూసేస్తే, తిండి పెట్టనప్పటికి దగ్గరగా కార్టిసాల్ పెరిగింది. ఆ అంకె ఏ లోటును చూపుతోందో తెలిసింది ముందు తలుపు దగ్గర అడిగారు కాబట్టే. కుంటుతున్న బ్రాయిలర్ కోళ్లు నొప్పి మందు కలిపిన దాణాను ఏరుకుని తిన్నాయని, కుంటు ముదిరినకొద్దీ ఎక్కువ తిన్నాయని 2000లో మరో బృందం చూపింది. నొప్పి ఉందా అన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు నాకు తెలియదు.

ఊరికే గమనించి రాసుకోవడం అన్నిటికీ తొలిమెట్టు, దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒక శబ్దం వస్తే మంచి, మరొకటి వస్తే చెడు జరుగుతుందని నేర్పి, ఆ రెంటికీ మధ్య అటూ ఇటూ కాని శబ్దాన్ని జంతువు ఆశతో అందుకుంటుందా, బెదిరి ఆగుతుందా అని చూసే పద్ధతి బాగుంటుంది. 2004లో ఎలుకల మీద మొదలైంది. శిక్షణకే వారాలు పడుతుంది కాబట్టి మొదటి పరిశోధనకు వద్దంటాను.

అడవి జంతువులైతే మాత్రం కార్టిసాలే మేలు. వాటికి తలుపులు కట్టలేం, దొరికే పేడతోనే పని జరగాలి. పంజరంలోనో కొట్టంలోనో ఉన్నవాటికైతే ముందు రెండు తలుపులు కట్టండి, రక్తం సంగతి తర్వాత.