గోడ మీద తిరిగే గొట్టాలు: మూడేళ్లు వాడాక

కాకినాడలో మాది చిన్న ఫ్యామిలీ రెస్టారెంట్. వెనక పెరట్లో వేపచెట్టు కింద ఆరు టేబుళ్లు, ఆ పక్కనే గ్యాస్ గది. ఓ రాత్రి గోడ దూకి వచ్చి రెండు 19 కిలోల సిలిండర్లు, ఏసీ రాగి గొట్టం పట్టుకుపోయారు. గాజు పెంకులు గుచ్చిద్దామన్నాడు మేస్త్రి. ముళ్లకంచె చుట్టలు వేయించమన్నాడు మా బావ. భోజనానికొచ్చినవాళ్లు తలెత్తితే జైలు గోడ కనపడటం నాకు నచ్చలేదు. చివరికి రోలర్లు పెట్టించాను.

లోపల కదలని స్టీలు కడ్డీ, దాని మీద వదులుగా అల్యూమినియం గొట్టం. ఎక్కేవాడు పట్టుకోగానే గొట్టం గిర్రున తిరిగిపోతుంది, ఒళ్లు పైకి రాదు. గోడ రంగే వేయించాం కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఒకాయన మాత్రం "గోడకి కర్టెన్ రాడ్డేంటండీ?" అనడిగాడు. మా గోడ ఏడడుగులు. నడుమెత్తు గోడకైతే ఇది దండగ, కాలేసి దాటేస్తారు.

మొదట బిగించినవాడు గొట్టానికీ గోడకీ మధ్య మూడు వేళ్ల సందు వదిలాడు. మా వంటగది కుర్రాణ్ణి ఎక్కి చూడరా అన్నాను. వాడు గొట్టం జోలికే పోలేదు. సందులో చెయ్యి దూర్చి గోడ అంచు పట్టుకుని చిటికెలో అవతలున్నాడు. (సెకండ్ షో రాత్రుళ్లు వాడికి అలవాటైన దారే అని తర్వాత తెలిసింది.) బ్రాకెట్లు విప్పించి, వేలు దూరనంతగా కిందికి దించాక వాడే మూడుసార్లు జారిపడ్డాడు.

అసలు తలనొప్పి తుప్పు. మాది ఉప్పుగాలి. మొదటి వానాకాలం దాటేసరికి బ్రాకెట్ల దగ్గర్నుంచి పండిన గోరింటాకు రంగు చారలు గోడ మీదికి దిగాయి. అమ్మేటప్పుడు "అయస్కాంతం అంటుకోదు సార్, చూడండి" అని పెట్టి మరీ చూపించాడు. 304 అనే మంచిరకం స్టెయిన్‌లెస్ స్టీలుకి అంటుకోని మాట నిజమే, కానీ చవకరకం 202కీ అంటుకోదు! సముద్రం దగ్గరివాళ్లు ఉప్పుగాలిని ఇంకా బాగా తట్టుకునే 316 రకం అడగండి, బిల్లులో గ్రేడు రాయించుకోండి. కడ్డీ తుప్పు పడితే గొట్టం బిగుసుకుంటుంది. బిగుసుకున్న గొట్టమంటే మనం దొంగకి కట్టించిన మెట్టే. గ్రీజు పెట్టి చూశాను, దుమ్ము పట్టి ముద్దకట్టింది. ఇప్పుడు నెలకోసారి నీళ్లతో కడిగి, ప్రతి ముక్కనీ కర్రతో తిప్పి చూస్తాం.

దసరాకి డెకరేషన్ వాళ్లు సీరియల్ లైట్లు తెచ్చి రోలర్లకే చుట్టేశారు. వారం రోజులు ఒక్కటీ కదల్లేదు, నేనూ చూసుకోలేదు. కాకులకి కాలు నిలవక గోడ మాత్రం శుభ్రంగా ఉంటోంది, అది అనుకోని లాభం.

పోయిన ఏడాది ఒక పొద్దున గోడ అవతల సున్నం మీద సగం దాకా పాదాల గుర్తులు, కాలవలో ఒక చెప్పు కనిపించాయి. ఆ టెన్షన్ తీరింది అనుకున్నాను. తలెత్తి చూస్తే వేపకొమ్మ ఒకటి రోలర్ల మీదుగా వీధిలోకి వంగి ఉంది. కొట్టేయమని బావ పోరు. నాలుగో టేబుల్‌కి నీడ ఆ కొమ్మదే, ఇంకా కొట్టించలేదు.