ఆరేళ్ళ సెగ్గడ్డలకి అసలు పేరు చెప్పిన అమలాపురం స్కిన్ క్లినిక్

ముందే చెప్పేస్తున్నానండి, ఇక్కడ వెయిటింగ్ చాలా ఎక్కువ, పొద్దున్నే ముమ్మిడివరంలో బస్సెక్కి తొమ్మిదింటికల్లా చేరినా నా పేరు పిలిచేసరికి ఒంటిగంట దాటింది. అయినా అయిదు స్టార్లు ఇస్తున్నా.

ఆరేళ్ళుగా నాకిదే బాధ, చంకలో గడ్డ లేస్తుంది, చీము పడుతుంది, పగిలి ఆరుతుంది, రెండు నెలలకి మళ్ళీ దాని పక్కనే ఇంకోటి. వేడి చేసిందని మా అమ్మ కొత్తపల్లి కొబ్బరి మావిడిపళ్ళు మానిపించేసింది, మూడు వేసవులు సబ్జా నీళ్ళు, మజ్జిగే. ఇంకో చోట, పేరెందుకులెండి, రెండుసార్లు కోసి చీము తీసి కట్టు కట్టి పంపేశారు, రోజూ స్నానం చేస్తావా అని కూడా అడిగారు, ఆ మాటకి ఇంటికొచ్చి ఎంత ఏడ్చానో.

ఇక్కడ మేడమ్ గారు ఆ ఒక్క గడ్డే చూసి వదల్లేదు. రెండో చంక, గజ్జలు, రొమ్ముల కింద కూడా చూశారు, ఆర్నెల్లలో ఎన్నిసార్లొచ్చింది, ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా అని అడిగారు. జంటగా ఉన్న నల్లచుక్కలు, చర్మం కింద సొరంగంలా పోయిన దారి నాకే అద్దంలో చూపించి "ఇవి సెగ్గడ్డలు కాదమ్మా, హైడ్రాడెనైటిస్ సప్పురేటివా అంటారు, వెంట్రుక కుదుళ్ళు మూసుకుపోయి లోపల వాస్తుంది, మురికి వల్ల రాదు, ఎవరికీ అంటదు" అన్నారు. దీన్ని తేల్చే రక్తపరీక్షంటూ ఏదీ లేదంట, చూసీ, అడిగీ తెలుసుకోవాల్సిందేనంట. హర్లీ స్టేజి రెండు అని రాశారు, అంటే జబ్బు ఎంత ముదిరిందో చెప్పే మెట్లలో రెండోది.

నాకు బాగా నచ్చింది వీళ్ళు రాసిచ్చిన కాగితమండి. పాత డిశ్చార్జి కాగితాల్లో రెండుసార్లూ జబ్బు కోడు ఎల్ 02.4 అనే ఉంది, అంటే ఉత్త చీముగడ్డ, వచ్చింది పోయింది అన్నట్టు. వీళ్ళు ఈ జబ్బుకే ఉన్న ఎల్ 73.2 వేశారు. ఆ కోడులో స్టేజి రాదంట, ఏ పక్కో కూడా రాదంట, అందుకని జబ్బు పేరు పూర్తిగా, ఏ చంక, ఏ స్టేజి, ఎన్నేళ్ళ నుంచి అన్నీ మాటల్లో రాయించారు. ఇన్సూరెన్సు వాళ్ళు పాతజబ్బంటారేమోనని మా ఆయన గడ్డ అనే రాయమని అడిగితే మేడమ్ గారు ఒప్పుకోలేదు, నాకూ అదే సబబనిపించింది, రేపు ఆపరేషన్ దాకా వెళ్తే ఆరేళ్ళ బాధ ఎక్కడో ఒకచోట రాసుండాలి కదండి.

డాక్సీసైక్లిన్ బిళ్ళలు, పైన రాయడానికి క్లిండామైసిన్ లోషన్ ఇచ్చారు. బిళ్ళ పాలతో వేసుకోవద్దు, ఎండలో జాగ్రత్త, బరువు తగ్గాలి అన్నారు. వీటికి లొంగకపోతే అడాలిముమాబ్ ఇంజెక్షన్ ఉందట, అది ఖరీదని ముందే చెప్పారు. మూడు నెలల్లో ఒక్కటే లేచింది, అదీ చిన్నది.

చూసే గదికి కర్టెన్ మరీ పల్చగా ఉంది, ఆడవాళ్ళకి ఇబ్బంది, అది మాత్రం మార్చాలి. వెళ్ళేవాళ్ళు వదులు బట్టలేసుకోండి, పాత చీటీలు ఒక్కటి కూడా పారెయ్యకుండా పట్టుకెళ్ళండి.