ఈబేలో పట్టుచీర తకరారు: మనీ బ్యాక్ గ్యారంటీకి నా మార్కులు

ముందే మార్కులు చెప్పేస్తాను. ఈబే అనే ఆన్‌లైన్ వేలం సైటులో, కొన్నది చెప్పినట్టు లేకపోతే డబ్బు వెనక్కి ఇప్పించే మనీ బ్యాక్ గ్యారంటీకి కొనేవైపు నుంచి 5కి 4.5, అమ్మేవైపు నుంచి 3. రెండు వైపులా పడ్డాను కాబట్టే ఈ తేడా. మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. నాకు పాత పట్టుచీరల పిచ్చి. వేలంలో కొంటాను, బీరువా నిండితే కొన్ని అదే వేలంలో పెడతాను. (అది నిండి చాలా కాలమైందని మావారి అభిప్రాయం.)

రూల్స్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. చీర చేతికొచ్చాక 30 రోజుల్లోపు ఫిర్యాదు పెట్టాలి. లిస్టింగులో (అమ్మకానికి పెట్టిన పేజీలో) రాసింది ఒకటి, వచ్చింది ఇంకొకటి అయితే, అమ్మినవాళ్లు "నో రిటర్న్స్" అని పెట్టుకున్నా చెల్లదు. తిరుగు పోస్టేజీ కూడా వాళ్ల నెత్తినే. వాళ్లకి మూడు పనిదినాల గడువు ఉంటుంది. ఈలోగా తేల్చకపోతే ఈబేని కలగజేసుకోమని అడగొచ్చు, మామూలుగా 48 గంటల్లో ఏదో ఒకటి చెప్తారు. మనసు మారిందనో, బ్లౌజుకి మ్యాచ్ కాలేదనో వెనక్కి పంపాలంటే మాత్రం అమ్మినవాళ్ల పాలసీ ఎలా ఉంటే అలాగే.

ఇక నా గద్వాల చీర సంగతి. "ప్యూర్ సిల్క్, హ్యాండ్‌లూమ్, రియల్ జరీ" అని పెట్టారు. నెమలికంఠం రంగు ఒళ్లు, కుంకుమరంగు అంచు. ఆఖరి నిమిషంలో ఎవరో పోటీకొచ్చి, చివరికి 86 డాలర్లకి పాట నాకే కొట్టేశారు. కవరు విప్పి చీర చేతిలోకి తీసుకోగానే అనుమానం వచ్చింది. గద్వాల చీరలో ఒంటి పేక (అడ్డంగా నేసే దారం) వేరు, అంచు పేక వేరు. రెండూ కలిసే చోట ఒకదాన్నొకటి మెలేసి నేస్తారు, దాన్నే కుట్టు అంటారు. చీర తిరగేసి చూస్తే ఆ కలిసిన గీత తెలిసిపోతుంది. నాకొచ్చిన చీరలో ఆ గీతే లేదు. నెమలికంఠం రంగు పేక ఈ చివర నుంచి ఆ చివరికి, అంచు మీదుగా కూడా తిన్నగా పోయింది. వెనకవైపంతా కత్తిరించిన దారాలు. మరమగ్గం పని.

కొంగు కుచ్చులోంచి ఒక జరీ పోగు లాగి గోటితో గీకాను. అసలు జరీలో లోపల పట్టు దారం ఉంటుంది, సాధారణంగా ఎర్రది. దానికి వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత వేస్తారు. దీంట్లో తెల్లటి ప్లాస్టిక్ పోగు బయటపడింది. కుచ్చులోదే ఇంకో పోగు అగ్గిపుల్లకి చూపిస్తే ముడుచుకుపోయి నల్లటి పూస కట్టింది. పట్టయితే జుట్టు కాలిన వాసన రావాలి, బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోవాలి. ఒంటి మధ్యలోంచి దారం లాగకండి, చీర మీరే పాడు చేశారని వాళ్లు ఎదురు తిరగొచ్చు.

ఈ పరీక్షలతో నాకు తెలిసింది సరే, కేసు చూసే మనిషికి కుట్టు అంటే ఏమిటో ఎలా తెలుస్తుంది? హ్యాండ్‌బ్యాగులకీ, స్నీకర్లకీ ఈబేలో అథెంటిసిటీ గ్యారంటీ అని ఒకటుంది, కొన్నిరకాల సరుకుని నిపుణుల చేత చూపించి పంపిస్తారు. మన చీరలకి ఆ భాగ్యం లేదు. వాళ్ల ముందుండేది లిస్టింగులో రాసిన మాట, మనం పెట్టిన ఫొటో, ఇద్దరి మధ్య మెసేజీలు. అంతే. కాబట్టి ఇది మోసం, అన్యాయం అని పేరాలకి పేరాలు రాయడం దండగ. నేను రాసింది రెండే వాక్యాలు. ప్యూర్ సిల్క్ అన్నారు, పోగు ప్లాస్టిక్‌లా కరిగి పూస కట్టింది. రియల్ జరీ అన్నారు, లోపల తెల్లటి ప్లాస్టిక్. పక్కన లిస్టింగు స్క్రీన్‌షాట్, గీకిన పోగు దగ్గర నుంచి తీసిన ఫొటో.

అమ్మినవాళ్ల జవాబు: "లైటింగ్ వల్ల రంగు కొంచెం తేడాగా కనిపించి ఉంటుంది." రంగు మాట నేను ఎత్తితే కదా! తర్వాత 20 డాలర్లు ఇస్తాం, చీర ఉంచేసుకుని కేసు మూసేయండి అన్నారు. నేను ఒప్పుకోకపోయేసరికి, ముందు కేసు తీసేయండి, జెల్‌లో (Zelle, బ్యాంకు ఖాతాల మధ్య నేరుగా డబ్బు పంపే యాప్) ఇంకొంచెం ఎక్కువ పంపిస్తాం అన్నారు. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. కేసు మీ అంతట మీరు మూసేస్తే అదే విషయం మీద మళ్లీ తెరవడానికి ఉండదు. డబ్బు వెనక్కి రాకముందు ఎవరెంత తియ్యగా మాట్లాడినా ఆ బటన్ జోలికి పోవద్దు, ఫోన్ నంబరూ ఇవ్వొద్దు. వద్దని ఈబే మెసేజీల్లోనే మర్యాదగా రాశాను. గడువు దాటాక ఈబేని పిలిచాను. రిటర్న్ లేబుల్ వచ్చింది, చీర వెళ్లింది, మొదట కట్టిన పోస్టేజీతో సహా మొత్తం వెనక్కొచ్చింది.

మరి అమ్మేవైపు మూడే ఎందుకంటారా? నా వెంకటగిరి చీర ఒకటి వేలంలో పెట్టాను. లేత గంధం రంగు, కట్టింది లేదు, ఫాల్ కూడా కుట్టించలేదు. కొన్నావిడ దసరా అయ్యాక "లిస్టింగులో చెప్పినట్టు లేదు" అని రిటర్న్ పెట్టారు. తిరిగొచ్చిన చీర కింది అంచు పొడవునా వరసగా సన్నటి సూది రంధ్రాలు, అక్కడక్కడా ఊడదీసిన దారం తుంపులు. సెంటు వాసన సరేసరి. ఫాల్ కుట్టించుకుని, పండక్కి కట్టుకుని, ఫాల్ విప్పేసి పంపించారన్నమాట! ఏం ధైర్యమమ్మా. అదృష్టం కొద్దీ అమ్మేముందే కింది అంచుని దగ్గర నుంచి ఫొటోలు తీసి లిస్టింగులో పెట్టాను. అవీ ఇవీ పక్కపక్కన పెట్టి చూపిస్తే కేసు నావైపే తేలింది.

తేలినా చీర మాత్రం పాడైంది. ఆవిడకి నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఇద్దామంటే 2008 నుంచి అమ్మేవాళ్లు కొనేవాళ్లకి నెగెటివ్ ఇవ్వడానికే లేదు. అంతకుముందు "నువ్విస్తే నేనూ ఇస్తా" అని బెదిరింపులు నడిచేవి, దానికి జడిసి కొన్నవాళ్లు నిజం రాసేవారు కాదు, అందుకే తీసేశారు. కారణం సబబైనదే, కానీ తర్వాత ఆవిడకి అమ్మబోయే మనిషిని నేను హెచ్చరించేదెలా? పైగా రిటర్నుకి కారణం ఎంచుకునేది కొన్నవాళ్లే. "మనసు మారింది" నొక్కితే నా పాలసీ వర్తిస్తుంది, "చెప్పినట్టు లేదు" నొక్కితే పోస్టేజీ నాది. ఎవరు ఏది నొక్కుతారో చెప్పక్కర్లేదు. పాట కొట్టి డబ్బు కట్టనివాళ్ల తలనొప్పి ఇంకొకటి. నాలుగు రోజులు ఆగి ఆర్డరు క్యాన్సిల్ చేసుకోవచ్చు, మళ్లీ మొదటి నుంచి పాట.

అయినా ఈబేలోనే ఎందుకున్నానంటే, ఫేస్‌బుక్ లైవుల్లో మనవాళ్లు పెట్టే చీరల వేలాలు చూశాను కాబట్టి. "ఓపెనింగ్ వీడియో కట్ లేకుండా తీయాలి, లేకపోతే డ్యామేజీ ఒప్పుకోం, నో ఎక్స్ఛేంజ్, నో రిటర్న్." డబ్బేమో జెల్‌లోనో, పేపాల్ ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీలోనో. ఆ రెండింట్లోనూ కొనుగోలుకి రక్షణ లేదు. పైన జడ్జి ఎవరూ ఉండరు, బతిమాలుకోవడమే. హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో ఈబే ఇండియాలో పైసాపే ఉండేది, సరుకు చేరేదాకా డబ్బు మధ్యలో ఆపేవారు. 2018 ఆగస్టులో ఆ సైటే మూసేశారు.

అమ్మేటప్పుడు నేను "ప్యూర్" అన్న మాట వాడను. అసలు పట్టని చెప్పే సిల్క్ మార్క్ ట్యాగ్ మొదలైందే 2004లో, మా అమ్మ నాటి చీరలకి ఆ ట్యాగ్ ఎక్కడి నుంచి తెస్తాను? "ధర్మవరంలో 80ల్లో కొన్నది, ట్యాగ్ లేదు, జరీ పరీక్ష చేయించలేదు, కొంగు దగ్గర పసుపు మరక ఉంది, నాలుగో ఫొటో చూడండి" అని రాస్తాను. పాట కాస్త తక్కువకే ఆగిపోతుంది, పోనీండి.