పాత ఆఫీస్ డెస్క్‌టాప్ మీద ఓపెన్‌మీడియావాల్ట్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

ముందే చెప్పేస్తా. ఇంట్లో ఒక పాత పీసీ, సైజులకి పొంతన లేని హార్డ్ డిస్కులు రెండు మూడు పడి ఉంటే ఓపెన్‌మీడియావాల్ట్ (పాత పీసీని నాస్‌గా, అంటే ఇంటి ఫైల్ సర్వర్‌గా మార్చే ఫ్రీ సాఫ్ట్‌వేర్) పెట్టుకోండి, అన్నీ ఒకే సైజు కొత్త డిస్కులు కొనే బడ్జెట్ ఉంటే ఇలాంటిదే అయిన ట్రూనాస్ వైపు చూడండి. నేను మొదటి బాపతు. 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో ఫ్రీ అన్‌లిమిటెడ్ ఆగిపోయాక ఇంట్లో నాలుగు ఫోన్ల ఫొటోలు ఎక్కడ పెట్టాలి అనే గొడవ మొదలైంది, అప్పుడు పెట్టింది ఇది. ఐదో వెర్షన్‌తో మొదలెట్టా, ఆరు, ఏడు కూడా అదే ఇన్‌స్టాలేషన్ మీద దాటేశా.

పెట్టె ఏంటంటే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో దొరికే రీఫర్బిష్డ్ ఆఫీస్ డెస్క్‌టాప్, ఆరో జెనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్. దీనికి ఇంతకంటే అక్కర్లేదు కూడా, ఫైల్ షేరింగ్ ఒక్కటే అయితే 4 జీబీ ఉన్నా నడిచిపోతుంది. కొనేటప్పుడు సీపీయూ కంటే ముందు చూడాల్సింది లోపల డిస్కులు తగిలించే సాటా పోర్టులు ఎన్ని ఉన్నాయి, 3.5 ఇంచుల డిస్కులు ఎన్ని పడతాయి అనేది, ఆ సన్నటి స్లిమ్ మోడల్స్‌లో ఒక్క డిస్కే పడుతుంది, ధర తక్కువని అది తెచ్చుకుంటే తర్వాత అన్నీ యూఎస్‌బీకి వేలాడదీయాలి.

ఇన్‌స్టాల్ పెద్ద పనేం కాదు. కింద ఉన్నది మామూలు డెబియన్ లినక్స్ (ఆరో వెర్షన్‌కి డెబియన్ 11, ఏడుకి డెబియన్ 12), దాని మీద బ్రౌజర్‌లో తెరిచే ఒక కంట్రోల్ ప్యానెల్, అంతే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, సిస్టమ్ వేసే డిస్కుని ఇన్‌స్టాలర్ మొత్తం తీసేసుకుంటుంది, మిగిలిన జాగాలో డేటా పెట్టుకుందాం అంటే మామూలు దారిలో కుదరదు. అందుకే దానికి ఒక 120 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు, ఇన్‌స్టాల్ టైంలో డేటా డిస్కుల కేబుళ్లు పీకేసి ఉంచితే ఇంకా మంచిది, ఏ డిస్కు ఏదో తికమక ఉండదు. పెన్‌డ్రైవ్ మీద కూడా నడుస్తుంది కానీ అప్పుడు దాని మీద రాతల్ని తగ్గించే ఫ్లాష్‌మెమరీ లాంటి ప్లగిన్ తప్పనిసరి, లేకపోతే లాగ్ ఫైళ్లు రాసీ రాసీ పెన్‌డ్రైవ్ తొందరగా పోతుంది. మొదటిసారి లాగిన్‌కి యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ ఓపెన్‌మీడియావాల్ట్, ఇది ప్రపంచం మొత్తానికి తెలుసు కాబట్టి వెంటనే మార్చండి.

ఇక నేను దీన్ని వదలకుండా వాడుతున్న అసలు కారణానికి వస్తా. నా దగ్గర 4 టీబీ డిస్కులు రెండు, 2 టీబీ ఒకటి. ట్రూనాస్ వాడే జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో వీటన్నిటినీ కలిపి ఒక రెయిడ్‌జెడ్ గ్రూపు (ఒక డిస్కు పోయినా డేటా పోని అమరిక) చేస్తే ప్రతి డిస్కునీ చిన్నదాని సైజుకే లెక్కేస్తుంది, అంటే 4 టీబీ డిస్కుల్లో సగం సగం వృథా. జెడ్‌ఎఫ్‌ఎస్ గొప్పదే, డేటా చడీచప్పుడు లేకుండా పాడైతే కనిపెట్టి సరిచేస్తుంది, ఆ విషయంలో నేను వాడేది దానికి సాటి కాదు. కానీ ఇంటి డిస్కులు ఆఫీసు డిస్కుల్లా ఒకేసారి కొనేవి కావు కదా, ఒకటి పండగ సేల్‌లో వస్తుంది, ఇంకోటి పాత పీసీలోంచి వస్తుంది.

ఓపెన్‌మీడియావాల్ట్‌లో ఓఎంవీ ఎక్స్‌ట్రాస్ అనే అదనపు రిపాజిటరీ వేసుకుంటే మెర్జర్‌ఎఫ్‌ఎస్, స్నాప్‌రెయిడ్ అని రెండు ప్లగిన్లు దొరుకుతాయి. మెర్జర్‌ఎఫ్‌ఎస్ అన్ని డిస్కుల్నీ కలిపి ఒకే ఫోల్డర్‌లా చూపిస్తుంది, ఫైలు మాత్రం ఏదో ఒక డిస్కులోనే పూర్తిగా ఉంటుంది, ముక్కలు చెయ్యదు. స్నాప్‌రెయిడ్ ఒక డిస్కుని ప్యారిటీకి (పోయిన డిస్కుని తిరిగి కట్టడానికి పనికొచ్చే లెక్కలకి) తీసుకుంటుంది, అది మిగతా వాటిలో పెద్దదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, కాబట్టి నా 4 టీబీల్లో ఒకటి దానికి పోయింది, వాడకానికి మిగిలింది 6 టీబీ. రోజూ రాత్రి సింక్ నడిచి ఆ ప్యారిటీని తాజా చేస్తుంది. ఒక డిస్కు పోతే మిగతావాటి నుంచి దాన్ని మళ్లీ కట్టుకోవచ్చు, ఖర్మకాలి రెండు పోయినా మూడోది డేటా డిస్కు అయితే దాంట్లో ఫైళ్లు దాంట్లోనే ఉంటాయి, ఫైళ్లని ముక్కలు చేసి అన్ని డిస్కుల్లో పరిచే మామూలు రెయిడ్ 5 అయితే రెండు పోయాయంటే మొత్తం గోవిందా. పైగా సినిమా చూస్తుంటే ఆ ఒక్క డిస్కే తిరుగుతుంది, మిగతావి పడుకుంటాయి.

లోపం లేదా అంటే ఉంది. నిన్న రాత్రి సింక్ తర్వాత వేసిన ఫైళ్లకి ఇవాళ రాత్రి దాకా రక్షణ లేదు. సింక్ అయ్యాక పాత ఫైళ్లు గుట్టలుగా డిలీట్ చేసి, మళ్లీ సింక్ అయ్యేలోపు ఇంకో డిస్కు పోయిందనుకోండి, దాంట్లోవి కొన్ని తిరిగి రాకపోవచ్చు. అందుకే ఇది ఫొటోలు, పెళ్లి వీడియోలు, సినిమాలు లాంటి ఒకసారి పెట్టి వదిలేసే వాటికే, అస్తమానం మారే డేటాబేస్‌లకి కాదు, అవి నేను వేరే ఎస్‌ఎస్‌డీ మీద పెట్టా.

మొన్నామధ్య వానాకాలంలో కరెంటు ఎక్కువ తక్కువై ఎస్‌ఎంపీఎస్ (పీసీ పవర్ సప్లై) ఢాం అంది, దాంతో పాటు మదర్‌బోర్డూ పోయింది. డిస్కులకి ఏమీ కాలేదు. ఒక డిస్కు పీకి యూఎస్‌బీ డాక్‌లో పెట్టి తమ్ముడి ఉబుంటు ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే ఫోల్డర్లు, ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టు తెరుచుకున్నాయి, ఎందుకంటే అవి ఏ లినక్స్ అయినా చదివే మామూలు ఈఎక్స్‌టీ4 డిస్కులు, ఏ కంపెనీ పెట్టె తాళమూ లేదు. ఇంకో పెట్టె దొరికేదాకా నాన్న అడిగిన స్కాన్ కాపీలు ఆ ల్యాప్‌టాప్ నుంచే ఇచ్చా. కొత్త పెట్టెకి పాత ఎస్‌ఎస్‌డీ తగిలిస్తే బూట్ కూడా అయిపోయింది, నెట్‌వర్క్ కార్డ్ పేరు మారింది కాబట్టి మానిటర్, కీబోర్డ్ తగిలించి ఓఎంవీ ఫస్ట్ ఎయిడ్ అనే కమాండ్‌తో ఐపీ సెట్ చేస్తే సరిపోయింది. ఈ ఒక్క అనుభవంతోనే నాకు దీని మీద నమ్మకం కుదిరింది.

అప్పటి నుంచి చిన్న యూపీఎస్ కూడా పెట్టా. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటాం గానీ అది మారే ఆ క్షణంలో పీసీ రీస్టార్ట్ అయిపోతుంటుంది. యూపీఎస్‌కి యూఎస్‌బీ పోర్టు ఉన్నది తీసుకుంటే నట్ ప్లగిన్ బ్యాటరీ తగ్గగానే సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేస్తుంది. కరెంటు బిల్లు గురించి అందరూ అడుగుతారు, నాది సగటున 35 వాట్లు లాగుతుంది, 24 గంటలూ ఆన్‌లో ఉంటే నెలకి పాతిక యూనిట్లు. స్లాబ్ అంచున ఉన్న ఇల్లయితే ఆ పాతికే పై స్లాబ్‌లోకి నెట్టేస్తుంది, చూసుకోండి.

చిరాకు పెట్టేవి కూడా చెప్పాలి. ఏ సెట్టింగ్ మార్చినా సేవ్ కొట్టాక పైన పసుపు పట్టీ వస్తుంది, అక్కడ మళ్లీ అప్లై కొట్టాలి, అది ఒక్కోసారి నిమిషం పైనే తీసుకుంటుంది. ఐదు నిమిషాలు ఊరుకుంటే లాగౌట్ చేసేస్తుంది (సెట్టింగ్స్‌లో పెంచుకోవచ్చు, మొదటి పని అదే చెయ్యండి). లినక్స్ వచ్చినవాళ్లకి ఇంకో ఇబ్బంది, సాంబా (విండోస్ పీసీలకి ఫోల్డర్లు షేర్ చేసే సర్వీస్) కాన్ఫిగ్ ఫైలుని చేత్తో మారిస్తే ప్యానెల్‌లో తర్వాతి అప్లై కొట్టగానే మీరు రాసిందంతా ఎగిరిపోతుంది, ఎందుకంటే ఆ ఫైళ్లన్నీ అదే తన డేటాబేస్ నుంచి రాసుకుంటుంది. దాని ఇంట్లో దాని పద్ధతే నడవాలి. షేర్డ్ ఫోల్డర్ దగ్గర ప్రివిలేజెస్ అని ఒకటి, ఏసీఎల్ అని ఒకటి ఉంటాయి, ఇంటికి మొదటిది చాలు, రెండోది కెలక్కండి.

విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లు తెరుచుకోవడం ఆగిపోయింది, చాలామంది సర్వర్ పాడైందనుకుంటారు. అది విండోస్ సెక్యూరిటీ మార్పు, షేర్‌కి యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టుకుంటే సరి, నిజానికి అలాగే ఉండాలి కూడా.

స్పీడ్ గిగాబిట్ కేబుల్ మీద సెకనుకి 110 ఎంబీ దగ్గర వస్తుంది. మీకు 11 ఎంబీ దగ్గరే ఆగిపోతుంటే డిస్కుని తిట్టకండి, గోడలో వేసిన కేబుల్‌లో నాలుగు జతల్లో రెండే క్రింప్ చేసుంటారు, లింకు 100 ఎంబీపీఎస్‌కి పడిపోయి ఉంటుంది. డిస్కు ఆరోగ్యానికి స్మార్ట్ టెస్టులు (డిస్కు తనని తాను చేసుకునే పరీక్షలు) ఆన్ చేసి మెయిల్ వచ్చేలా పెట్టుకోండి. ఆ రిపోర్టులో 197వ నంబర్, అంటే పెండింగ్ సెక్టార్లు, పెరుగుతుంటే డిస్కు మార్చే టైం వచ్చినట్టే, 199 పెరుగుతుంటే మాత్రం చాలాసార్లు తప్పు సాటా కేబుల్‌ది, వంద రూపాయల దానితో పోయేదానికి డిస్కు పారేయకండి.

డాలస్‌లో ఉన్న అక్క వాళ్లు కూడా ఇందులో వీడియోలు చూస్తారు, సొంత వీడియోల్ని స్ట్రీమ్ చేసే జెల్లీఫిన్ అనే యాప్ డాకర్‌లో (యాప్‌ల్ని విడివిడిగా నడిపే పద్ధతి) నడుస్తోంది. మన దగ్గర చాలా ఇంటర్నెట్ కనెక్షన్లు సీజీనాట్ (ఒకే ఐపీ అడ్రస్‌ని చాలా ఇళ్లకి పంచడం) వెనక ఉంటాయి కాబట్టి పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి ఇంటి సర్వర్‌కి దారి తెరవడం, పనిచెయ్యదు, టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ వేసుకుంటే ఆ బాధ లేదు. పోర్ట్ ఫార్వర్డింగ్ కుదిరినా సరే ఓపెన్‌మీడియావాల్ట్ ప్యానెల్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరవొద్దు, 2022లో డెడ్‌బోల్ట్ రాన్సమ్‌వేర్ అలా తెరిచి పెట్టిన నాస్ పెట్టెల మీదే పడింది. ఆరో జెనరేషన్ ఐ5 10 బిట్ హెచ్‌ఈవీసీ (గట్టిగా కుదించిన ఒక రకం) వీడియోని హార్డ్‌వేర్‌లో విప్పలేదు, ఆ పని కావాలంటే ఏడో జెనరేషన్ తీసుకోండి. ఫొటోలకి ఇమ్మిచ్ అనే యాప్ వాడుతున్నా, బాగుంది, ముఖాలు గుర్తుపట్టేటప్పుడు మా అమ్మనీ పిన్నినీ ఒకే మనిషనుకుని కలిపేసింది గానీ అది మేం కూడా చేసే పొరపాటే.

స్నాప్‌రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానలేదు. ముఖ్యమైన ఫోల్డర్లు ఆర్‌సింక్ అనే కాపీ టూల్‌తో ఒక యూఎస్‌బీ డిస్కులోకి పోతాయి, అది హన్మకొండలో అమ్మానాన్నల బీరువాలో ఉంటుంది, వెళ్లినప్పుడల్లా మార్చుకొస్తా. కొత్త పెద్ద వెర్షన్ వచ్చిన రోజే ఎక్కించను, నేను వాడే ప్లగిన్లు దానికి వచ్చాయో లేదో చూసుకుని, ఎస్‌ఎస్‌డీని క్లోనెజిల్లాతో ఇమేజ్ (మొత్తం డిస్కు నకలు) తీసి పెట్టుకుని, ఆదివారం పొద్దున ఇంట్లో ఎవరూ టీవీ అడగని టైంలో ఓఎంవీ రిలీజ్ అప్‌గ్రేడ్ కమాండ్ కొడతా.