ఎయిర్‌గన్ గాలికి ఫిల్టర్: సిలికా జెల్, దూది, మాలిక్యులర్ సీవ్‌లలో ఏది మేలు?

పీసీపీ గన్‌లోకి (ముందే ఎక్కువ ఒత్తిడితో గాలి నింపి వాడే ఎయిర్‌గన్) తేమ, ఆయిల్ వెళ్లకుండా ఏం వాడాలని అడిగితే అందరూ ఏదో ఒక పదార్థం పేరు చెబుతారు. నా దృష్టిలో దాన్ని ఎక్కడ బిగిస్తున్నామన్నదే ముఖ్యం.

చిన్న లెక్క చూడండి. 30 డిగ్రీల దగ్గర తేమతో నిండిన గాలిలో ఘనపు మీటరుకు దాదాపు 30 గ్రాముల నీరుంటుంది. 300 మిల్లీలీటర్ల సిలిండర్‌ను 200 బార్‌కు (బయటి గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు) నింపాలంటే బయటి గాలి 60 లీటర్లు కావాలి. దాంతోపాటు వచ్చే నీరు 1.8 గ్రాములు. అంత ఒత్తిడిలో ఉన్న గాలిని మళ్లీ 30 డిగ్రీలకు చల్లారిస్తే, ఆవిరిగా మిగిలేది ఇంచుమించు గ్రాములో వందో వంతే. తక్కినదంతా చుక్కలుగా దిగిపోతుంది. అంటే అసలు పని చేసేది చల్లారడం, ఆ చుక్కల్ని గాలి నుంచి వేరుచేసే సెపరేటర్, చేరిన నీటిని వదలడానికి మధ్యమధ్యలో తెరిచే డ్రెయిన్ వాల్వ్.

తేమను పీల్చే గుళికలైన సిలికా జెల్‌ను పంపు గాలి పీల్చుకునే వైపు పెడితే ఆ 1.8 గ్రాములూ అదే మోయాలి. కంప్రెసర్ ఆయిల్ కలిసేది దాని తర్వాతే కాబట్టి ఆయిల్ సంగతి దానికి పట్టదు. హ్యాండ్ పంప్‌కైతే పర్వాలేదు. రంగు మారే రకమైతే తడిసినప్పుడు తెలుస్తుంది, ఓవెన్‌లో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

దూది చవక. నీటి చుక్కల్ని, ఆయిల్ తుంపరల్ని పట్టుకుంటుంది, ఆవిరిని మాత్రం వదిలేస్తుంది. దూది పొడిగా ఉంది కదా, గాలీ పొడిగానే ఉందనుకుంటే పొరపాటే.

కంప్రెసర్ ఉన్నవాళ్లకు నా ఓటు మాలిక్యులర్ సీవ్‌కే (అతి సన్నని రంధ్రాల్లో నీటిని పట్టి ఉంచే గుళికలు). తేమ బాగా తగ్గిపోయిన గాలిలోంచి కూడా నీటిని లాగడంలో సిలికా జెల్ దీనికి సాటిరాదు. సెపరేటర్ తర్వాత, గాలి చల్లబడ్డాక బిగించాలి. సీవ్ దాటాక యాక్టివేటెడ్ కార్బన్ (ఆవిర్లను పట్టే ప్రత్యేకమైన బొగ్గు) ఉంటే ఆయిల్ ఆవిరీ ఆగుతుంది. ఈ వరస తిరగేయకూడదు, తడిసిన కార్బన్ ఆయిల్‌ను సరిగ్గా పట్టలేదు. ఖాళీ ట్యాంకు నింపేవాళ్లు ఫిల్టర్ చివర బ్యాక్ ప్రెషర్ వాల్వ్ (లోపల ఒత్తిడి పెరిగేదాకా గాలిని ముందుకు వదలనిది) కూడా పెట్టుకోవాలి. అది లేకపోతే మొదట్లో ఫిల్టర్‌లో ఒత్తిడే ఉండదు, నీరు సెపరేటర్‌లో దిగకుండా ఆవిరిగానే ముందుకు పోతుంది.

సీవ్‌తో చిక్కల్లా, మామూలు రకాల్లో రంగు మారదు. కొత్తగా నింపినప్పుడే తూకం వేసి రాసిపెట్టుకోండి, బరువు పెరుగుతూ ఉంటే మార్చే టైమ్ వచ్చినట్టే. ఆరబెట్టాలంటే 200 డిగ్రీలు దాటాలి, అంత అవస్థ కంటే కొత్తది వేయడమే సుఖం.

ఈ గొడవంతా వద్దనుకుంటే స్కూబా డైవర్లకు నింపే శ్వాస గాలి ఉంది. తేమ, ఆయిల్ రెండూ ముందే తీసేసి ఉంటాయి. కాకపోతే సిలిండర్‌లో 200 బారే ఉంటే 250 బార్ గన్ దాంతో పూర్తిగా నిండదు.