"పాత ప్రింట్" వంటల పుస్తకం కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

అమ్మినవాడి పేజీ పేరు రాయను. పాత తెలుగు పుస్తకాలు కొనే అలవాటున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. చెక్కబల్ల మీద పుస్తకం పెట్టి, పక్కన ఇత్తడి గ్లాసులో కాఫీ పెట్టి ఫొటోలు తీస్తాడే, ఆ ఇన్‌స్టా పేజీయే. పార్సిల్ నిన్న సాయంత్రం వచ్చింది. రాత్రంతా నిద్ర లేదు. ఒళ్ళు మండిపోతూ రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

నేనడిగింది మాలతీ చందూర్ గారి 'వంటలు - పిండివంటలు', పాత అచ్చు. కొత్తది కొనుక్కోవచ్చు కదా అనకండి. మళ్ళీ మళ్ళీ అచ్చవుతూ వచ్చిన పుస్తకమని నాకూ తెలుసు. కానీ మా అమ్మకి కావలసింది కొత్తది కాదు. అమ్మ పెళ్ళికి మా పెద్దమ్మ ఇచ్చిన కాపీ ఒకటుండేది, 2009లో ఇల్లు మారినప్పుడు ఏ అట్టపెట్టెలో పోయిందో పోయింది. ఆంధ్రప్రభ వీక్లీ రాగానే ముందు మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం' శీర్షిక చదివి, ఆ తర్వాతే మిగతా పేజీలు తిప్పే తరం మా అమ్మది. "నూజివీడు పిల్ల, మన జిల్లా ఆవిడే" అని సొంత పిన్నికూతురి గురించి చెప్పినట్టు చెప్పేది. ఆవిడ మద్రాసులో ఉండి 'హృదయనేత్రి' నవల రాశారనీ, దానికి 1992లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందనీ అమ్మకి తెలుసు, అయినా మా ఇంట్లో ఆవిడంటే ముందు వంటల పుస్తకమే.

అమ్మ ఆ పుస్తకం చూసి వండేది కాదు, దాంతో పోట్లాడుతూ వండేది. "నీ కొలత నీదమ్మా, మా ఇంట్లో తినేది పదిమంది" అంటూ. అంచుల్లో పెన్సిలు రాతలు. ఒకచోట "మామయ్యగారికి ఇంగువ ఎక్కువైందిట". ఇంకోచోట "78 సంక్రాంతి, కుదిరాయి" అని రాసి కింద రెండు గీతలు. మంచి వంటల పుస్తకం ఏ ఇంట్లోనూ శుభ్రంగా ఉండదు. నూనె వేలిముద్రలు చూస్తే ఆ ఇంటివాళ్ళు ఏం ఇష్టంగా తింటారో తెలిసిపోతుంది.

నేను పడిపోయింది సరిగ్గా అక్కడే. వాడు పెట్టిన ఫొటోలో కుడిపక్క పేజీ మీద పసుపు మరక, వంకర తిరిగిన మామిడికాయలా. అంచున ఎవరిదో గుండ్రటి చేతిరాత, "బెల్లం తగ్గించాలి". అది చూశాక నాకింక బుర్ర పనిచెయ్యలేదు. ఎవరో అమ్మ, ఎవరి వంటిల్లో! రూ. 1,850 అన్నాడు. "ఓల్డ్ ప్రింట్ మేడమ్, మళ్ళీ దొరకదు" అన్నాడు. బేరం కూడా ఆడలేదు, కూరగాయల దగ్గర కొసరు కోసం పది నిమిషాలు నిలబడే మనిషిని. కొరియర్‌కి ఇంకో 90. ఫోన్‌లో డబ్బు కొట్టేశా.

పార్సిల్ అమ్మ చేతే విప్పించాను. అమ్మకిప్పుడు 76. కళ్ళద్దాలు తుడుచుకుని, పుస్తకం తిప్పుతూ ఆ మరక దగ్గర ఆగింది. ఎండిన పసుపైతే గోటితో గీకితే పొడి రాలుతుంది కదా, అలవాటుగా గీకింది. రాలేదు. మళ్ళీ గీకింది. "ఇదేంటే, రావట్లేదు" అంది. నేను తీసుకుని చూశాను. కాగితం నున్నగా ఉంది. మరక ఉన్నచోటా అంతే, లేనిచోటా అంతే. పుస్తకం మూసి పక్కనుంచి చూద్దును కదా, లోపలి పేజీలన్నీ పాతబడి గోధుమరంగులో ఉన్నాయి, అంచులు మాత్రం పాలలా తెల్లగా! కలర్ జిరాక్స్ అండీ. పాతదనాన్ని కూడా జిరాక్స్ తీశాడు. పుస్తకం మడత దగ్గర పడే నల్లటి నీడ కూడా అచ్చయింది. పైగా మధ్యలో పదహారు పేజీలు లేవు, అవీ పిండివంటల్లోనే.

బ్యాంకు కౌంటర్లో 22 ఏళ్ళు చెక్కుల మీద సంతకాలు పోల్చి చూశాను నేను. దొంగ సంతకం దూరం నుంచే పసిగడతానని పేరు. జిరాక్స్ కాగితాన్ని మాత్రం పసుపు మరక చూసి నమ్మేశాను. చెప్పుతో కొట్టుకోవాలి.

సరే, ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. ఇప్పుడు చదవండి, ఒక్క అక్షరం కూడా నేను కలపలేదు.

"ఒరిజినల్ పుస్తకం అని పంపింది జిరాక్స్ ఏంటండీ?" అన్నాను.

"ఒరిజినల్ అని మేమెక్కడన్నాం? ఓల్డ్ ప్రింట్ అన్నాం. ఓల్డ్ బుక్‌ని ప్రింట్ తీశాం. చాట్ చూస్కోండి."

చూశాను. నిజమే. "ఓల్డ్ ప్రింట్" అనే ఉంది. ఆ తెలివికి నాకు మాట పడిపోయింది. పదహారు పేజీలు లేవు కదా అంటే, "వంటల పుస్తకమే కదా ఆంటీ, లేనివి యూట్యూబ్‌లో చూసి చేస్కోండి. ఈ రోజుల్లో పుస్తకం చూసి వండేదెవరు?" అని నవ్వాడు. డబ్బు పడేదాకా మేడమ్, పడ్డాక ఆంటీ. ఆ నవ్వు పక్కనున్న అమ్మకి కూడా వినిపించింది. అమ్మ ఏమీ అనలేదు. పుస్తకం మూసి టీపాయ్ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. రూ. 1,940 పోతే పోయాయి, అది మాత్రం నేను మర్చిపోను.

తర్వాత నన్ను బ్లాక్ చేశాడు. సరే, ఊహించిందే.

ఇంకో సంగతి. మాలతీ చందూర్ గారు పోయింది 2013లో. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్ళదాకా హక్కులు వారసులవే. అంటే వీడు దర్జాగా అమ్ముతున్నది దొంగ కాపీ. అసలు పుస్తకాన్ని దాచుకుని, ఎవరో ఇల్లాలి చేతిరాతతో సహా జిరాక్సులు తీసి ఒక్కోటి 1,850కి అమ్ముతున్నాడు. ఆ "బెల్లం తగ్గించాలి" రాసినావిడ ఎవరో, ఆవిడకి తెలిస్తే ఏమనుకుంటుందో.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేసి ఫిర్యాదు రాయించాను. ఏమవుతుందో చూద్దాం. మీరెవరైనా కొనాలంటే డబ్బు కొట్టకముందు పుస్తకం అంచుల ఫొటో అడగండి, పేజీలు తిప్పుతూ వీడియో తియ్యమనండి. "ఓల్డ్ ప్రింట్" అంటే ఏమిటో కూడా రాయించుకోండి, నాలా కాకుండా. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. అంతే, ఇంతకంటే నాకు తెలిస్తే నేనెందుకు మోసపోతాను.

ఇది రాస్తుండగానే, ఆ ఇన్‌స్టా పేజీలో ఈ పొద్దున పడిన పోస్టు ఫొటో తీసి మా చెల్లెలు పంపింది. "చాలా రేర్. ఒక్కటే కాపీ ఉంది, త్వరపడండి." పెద్దది చేసి చూశాను. కుడిపక్క పేజీ, వంకర తిరిగిన మామిడికాయ. ఒక్కటే కాపీ అట.