ఉప్పునీటి అక్వేరియం సెటప్ సర్వీసు: ప్లంబింగ్‌కి ఐదు స్టార్లు, సలహాలకి రెండు

పదకొండు నెలల కింద హైదరాబాద్‌లో ఒక అక్వేరియం షాపు వాళ్లతో ఇంట్లో రీఫ్ ట్యాంక్, అంటే పగడాలూ సముద్రపు చేపలూ పెంచే ఉప్పునీటి తొట్టి, పెట్టించుకున్నా. షాపు పేరూ, దాన్ని నడిపే కుర్రాడి పేరూ రాయను. కొన్ని విషయాల్లో అతన్ని తిట్టబోతున్నా, కొన్నిట్లో నెత్తిన పెట్టుకోబోతున్నా, ఎవరో ఒకరు తిట్టిన సగం మాత్రమే స్క్రీన్‌షాట్ తీసి అతనికి పంపుతారు. ప్యాకేజీ 88 వేలు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గాజు ట్యాంకు, స్టాండు, సంప్, రిటర్న్ పంపు, ప్రొటీన్ స్కిమ్మర్, నీళ్లని కదిలించే రెండు వేవ్ మేకర్లు, ఎల్ఈడీ లైటు, హీటరు, ఇసుక, రాళ్లు, ఒక బకెట్ ఉప్పు, టెస్ట్ కిట్, ఫిట్టింగ్. చిల్లర్ (నీళ్లు చల్లబరిచే మెషీను) లేదు, చేపలు లేవు.

ముందు ఒక చిన్న కడుపుమంట. ఎప్పుడు ఫోన్ చేసినా "సార్ ఉన్నారా మేడమ్?" అంటాడు. ట్యాంకు నాది, డబ్బు నాది, ఆరు నెలలు చదివి లెక్కలు వేసుకున్నది నేను. మా ఆయనకి ఆ నీళ్లలో వేలు పెట్టడమే ఇష్టం ఉండదు. నాలుగో నెలకి మా ఆయనే ఫోన్ తీసి "నాకేం తెలీదండీ, మేడమ్‌ని అడగండి" అన్నాడు, అప్పటికి గానీ మారలేదు.

ఇక పని సంగతి. ప్లంబింగ్ మాత్రం అద్భుతం. మంచినీళ్ల చేపల తొట్టికి మామూలుగా లేని గొడవ ఇక్కడొకటుంది: పై ట్యాంకులోంచి నీళ్లు కింద స్టాండులో ఉన్న ఇంకో తొట్టిలోకి పడతాయి, అక్కడ స్కిమ్మర్ చెత్త తీస్తుంది, పంపు మళ్లీ పైకి తోస్తుంది. ఆ కింది తొట్టినే సంప్ అంటారు. (మా అత్తయ్యకి చెబితే "సంపు అపార్ట్‌మెంట్ కింద ఉంది కదమ్మా, మళ్లీ హాల్లో ఎందుకు?" అన్నారు.) కరెంటు పోతే పంపు ఆగుతుంది, పైన ఉన్న నీళ్లు అదే పైపులోంచి వెనక్కి దిగుతాయి. సంప్‌లో వాటికి చోటు లేకపోతే హాలంతా ఉప్పునీళ్లే. ఈ కుర్రాడు రిటర్న్ పైపుకి నీటిమట్టం దగ్గర చిన్న బెజ్జం వేశాడు, నీరు అక్కడికి దిగగానే గాలి లోపలికి వెళ్లి సైఫన్, అంటే ఆ వెనక్కి లాగుడు, తెగిపోతుంది. చెప్పి ఊరుకోలేదు, మెయిన్ ఆఫ్ చేసి మూడుసార్లు నా ముందే చూపించాడు. దాదాపు 15 లీటర్లు దిగాయి, సంప్ అంచుకి ఇంకా నాలుగు వేళ్ల చోటు మిగిలింది. వేవ్ మేకర్‌కి ఇన్వర్టర్ లైను విడిగా లాగమని కూడా తనే చెప్పాడు, ఎందుకంటే నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ తగ్గి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. వానాకాలంలో ఒక రాత్రి ఐదు గంటలు కరెంటు లేదు. నేను నిద్రపోయా.

ట్యాంకుని బాల్కనీ పక్కన కిటికీ దగ్గర పెట్టమంటే ససేమిరా అన్నాడు, గోడ వారగా బీమ్ ఉన్న చోటే పెట్టించాడు. నీళ్లే 190 లీటర్లు, గాజూ రాళ్లూ స్టాండూ కలిపితే మూడు వందల కిలోలు దాటుతుంది. ఎండ పడితే నాచు గొడవ వేరే. ఇక్కడిదాకా అన్నీ మార్కులే.

నీళ్ల దగ్గరికొచ్చేసరికి మొదలైంది. మా బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 850. "మీ కిచెన్ ఆర్వో నీళ్లు చాలు మేడమ్" అన్నాడు. కిచెన్ ఆర్వోలో టీడీఎస్ కంట్రోలర్ ఉంటుంది, రుచి కోసం కొంచెం మామూలు నీళ్లు మళ్లీ కలుపుతుంది, మాది 70 చూపిస్తోంది. తాగడానికి బంగారం, రీఫ్‌కి కాదు. ఆ 70లో సిలికేట్ ఉండొచ్చు, ఫాస్ఫేట్ ఉండొచ్చు, రెండూ నాచుకి విందు భోజనం. నేను అతని మాట విని మొదటి నింపుడు ఆ నీళ్లతోనే చేశా, మూడో వారానికి ఇసుక మొత్తం బూడిద కలిపిన చాక్లెట్ రంగుకి తిరిగింది. కొత్త ట్యాంకులో డయాటమ్స్ అనే గోధుమరంగు నాచు కొంత వస్తుంది, అది మామూలే, కానీ నాది రెండు నెలలు పోలేదు. చివరికి డీఐ రెజిన్ (మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే గుళికలు) ఉన్న ఆర్వో యూనిట్ ఒకటి వేరే కొన్నా, మీటర్ సున్నా చూపించాకే నాకు టెన్షన్ తగ్గింది. ఒక లీటరు మంచి నీళ్లకి మూడు నాలుగు లీటర్లు వేస్టుగా పోతాయి, వాటితో ఇల్లు తుడుస్తున్నాం.

ఉప్పు గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెప్పేస్తా. వంటింటి ఉప్పు పనికిరాదు, అది దాదాపు మొత్తం సోడియం క్లోరైడే. రీఫ్ సాల్ట్‌లో కాల్షియం, మెగ్నీషియం, కార్బొనేట్లు సముద్రపు పాళ్లకి దగ్గరగా కలిపి ఉంటాయి. లీటరుకి సుమారు 36 గ్రాములు, అంటే సంప్ నీళ్లతో కలిపి మొదటిసారికే దాదాపు ఎనిమిది కిలోలు. ఆ బకెట్ చూసి మా అత్తయ్య రెండేళ్ల ఆవకాయ లెక్క వేశారు. వైజాగ్ మేనమామ బీచ్ నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లే పంపిస్తానన్నాడు, పక్కనే పోర్టు ఉంది మామయ్యా వద్దులే అన్నా.

నీటి సాంద్రతని బట్టి ఉప్పు ఎంతుందో చూపించే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ ఒకటి ప్యాకేజీలో ఇచ్చాడు, దాన్ని ఎవరూ నమ్మకండి. ముల్లుకి ఒక్క గాలి బుడగ అంటుకుంటే చాలు, ఉప్పు ఎక్కువున్నట్టు చూపిస్తుంది. అది 1.025 అంటుంటే, కాంతి వంగడాన్ని బట్టి ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ 1.021 అంది. ఆ రిఫ్రాక్టోమీటర్‌ని కూడా ఉత్త నీళ్లతో కాకుండా 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) ద్రావణంతోనే సరిచేసుకోవాలి. ఇంకో సంగతి, ట్యాంకులో నీళ్లు ఆవిరైతే ఉప్పు ఆవిరవదు, కాబట్టి తగ్గిన నీటికి ఉప్పులేని శుద్ధ నీళ్లే పోయాలి. అతని దగ్గర పనిచేసే పిల్లాడు సర్వీసుకి వచ్చి ఉప్పునీళ్లు కలిపి పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

అసలు కోపం మూడో రోజున. ఒక కవర్‌లో నాలుగు డామ్‌సెల్ చేపలు పట్టుకొచ్చాడు. "ఇవి గట్టివి మేడమ్, వీటితో సైకిల్ అయిపోతుంది, బతికితే మీవి, పోతే నావి." ఆ మాటకి ఒళ్లు మండింది. కొత్త ట్యాంకులో అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఇంకా పెరగలేదు (అవి పెరిగి నిలదొక్కుకోవడాన్నే సైకిల్ అంటారు), ఆ విషంలో వాటిని ఈదమనడమే ఇది. పైగా డామ్‌సెల్ బతికిందా, తర్వాత వచ్చే ప్రతి చేపనీ తరుముతుంది. వెనక్కి పంపేశా. దానికి బదులు మార్కెట్లో ఒక పచ్చి రొయ్య కొని ట్యాంకులో పడేశా. అది కుళ్లి అమ్మోనియా ఇస్తుంది, బ్యాక్టీరియాకి అదే తిండి. వారం పాటు కంపు కొట్టింది, "ఇగురు పెట్టాల్సిన రొయ్యని" అంటూ మా ఆయన రోజూ సానుభూతి చూపించాడు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావడానికి 38 రోజులు పట్టింది. ఇందులో పది రోజులు దండగ, ఎందుకంటే అతనిచ్చిన టెస్ట్ కిట్ డేటు దాటిపోయిందని నాకు ఆలస్యంగా తెలిసింది. అడిగితే మార్చి ఇచ్చాడు, గొణగలేదు. కానీ డబ్బా మీద డేటు చూడాల్సింది ఎవరు?

పగడాల విషయం కాస్త నెమ్మదిగా చదవండి. గట్టి పగడాలన్నీ, సముద్ర విసనకర్రలూ, సముద్ర గుర్రాలూ 2001లో మన వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లోకి వచ్చాయి. సముద్రంలోంచి తీసిన చచ్చిన పగడపు ముక్క అలంకారానికి పెట్టుకున్నా తప్పే. ఇతను ఫోన్లో హ్యామర్ కోరల్ అనే గట్టి పగడం ఫోటో చూపించి "బిల్లు లేకుండా అయితే ఆరు వేలకి" అన్నాడు. బిల్లు ఎందుకు లేదని అడిగితే నవ్వాడు. తీసుకోలేదు. రాళ్లు కూడా సముద్రం నుంచి తెచ్చినవి వద్దు, మనుషులు తయారుచేసినవే కావాలంటే ముఖం చిట్లించాడు గానీ అవే తెచ్చాడు. నా దగ్గర ఉన్నవి ఆ జాబితాలో లేని మెత్తటి రకాలు, జోవాంథిడ్‌లు, మష్రూమ్‌లు, బిల్లుతో వేరే చోట కొన్నవి. జోవాంథిడ్‌లు ముట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, కొన్నిట్లో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని శుభ్రం చేద్దామని ఉడకబెట్టే తెలివి మాత్రం చూపించకండి. ఈ ముక్క అతను ఒక్కసారి కూడా చెప్పలేదు.

చేపల దగ్గర మళ్లీ మంచివాడే. క్లౌన్ ఫిష్‌ని మన దేశంలోనే పిల్లలు చేయించే పద్ధతి సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఎప్పుడో సాధించారు, కాబట్టి సముద్రంలో పట్టినవి కొనాల్సిన పనే లేదు. నేను పెంపకం చేపలే కావాలన్నా, పది రోజులు ఆగమన్నాడు, ఆగా. గుళికలు వేసి తింటున్నాయో లేదో షాపులోనే చూపించమంటే విసుక్కోకుండా చూపించాడు. రెండూ చిన్నవే ఇచ్చాడు. క్లౌన్ చేపలన్నీ మొదట మగవే, జంటలో పెత్తనం చేసేది పెరిగి ఆడదవుతుంది. మా ట్యాంకులో ఎవరిది పెత్తనమో ఆర్నెల్లకి తేలిపోయింది, మా ఆయన దాన్ని మేడమ్ అని పిలుస్తున్నాడు.

చిల్లర్ కూడా చెప్పాలి. సెటప్ రోజే "34 వేలు అదనం, ఇప్పుడే పెట్టించుకోండి, లేకపోతే ఏప్రిల్లో మీరే ఫోన్ చేస్తారు" అన్నాడు. అమ్ముకోడానికి చెబుతున్నాడనుకున్నా. ఫ్యాన్లు పెట్టి లాగించా, మన పొడి ఎండల్లో ఫ్యాను గాలికి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, రోజుకి నాలుగు లీటర్లు ఆవిరైపోతుంది కూడా. ఏప్రిల్ మూడో వారంలో నీళ్లు 30 దాటాయి, మష్రూమ్‌లు ముడుచుకుపోయాయి. ఫోన్ చేశా. ఒక్క మాట అనకుండా సాయంత్రానికి తెచ్చి బిగించాడు, అదే 34 వేలు. ఇప్పుడు 26 దగ్గర నిలబడింది, కరెంటు బిల్లు మాత్రం అడక్కండి.

నెలకి 2,500 చొప్పున మెయింటెనెన్స్ కాంట్రాక్ట్ ఉంది, వద్దన్నా. వారానికోసారి 20 లీటర్లు మార్చడం, అద్దం తుడవడం, గంట పని, అది నేనే చేసుకుంటా. పైపులూ పంపులూ అతనితోనే చేయించుకోండి, నీళ్లు, బ్యాక్టీరియా, పగడాల గురించి మాత్రం అతని మాట వినొద్దు, టెస్ట్ కిట్ మీద డేటు చూడండి. పోయిన వారం ఇంకో ఉప్పు బకెట్‌కి అతనికే ఆర్డర్ చెప్పా. "మేడమ్ ఉన్నారా?" అని మా ఆయనకి ఫోన్ చేశాడట.